ఇంటికొచ్చాడు సరే, ఆ తర్వాత?

2025 ఏప్రిల్లో ఒక ఆదివారం మా అక్కావాళ్ళింట్లో గొడవైంది. మా మేనల్లుణ్ణి జూన్లో ఒకటో తరగతిలో వెయ్యాలా, ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచాలా అన్నది విషయం. బావ ఒకటో తరగతి అంటాడు, అక్క వద్దంటుంది. మధ్యలో అమ్మ, "వాడి ఈడు పిల్లలందరూ పై క్లాసుకెళ్తుంటే వీడొక్కడే ఉండిపోతే నలుగురూ ఏమనుకుంటారే?" అంటుంది. నేనేమో ఇడ్లీ తింటూ, ఎవరి వైపు మాట్లాడితే ఎవరికి కోపం వస్తుందో లెక్కలేసుకుంటున్నాను.

అప్పుడు అక్క ఒక మాటంది. "వాడు ఏప్రిల్లో పుట్టాడు గానీ, పుట్టాల్సింది జులై ఆఖర్లో. జులైలో పుట్టుంటే స్కూలువాళ్ళే ఇంకో ఏడాది ఆగి రమ్మనేవాళ్ళు."

ఎవరూ మాట్లాడలేదు. స్కూలు ఫారంలో పుట్టిన తేదీకి ఒక గడి ఉంటుంది. పుట్టాల్సిన తేదీకి గడి ఎక్కడా ఉండదు కదా.

మొదట్నించీ చెప్తాను. 2019 మార్చిలో అక్కకి ఇరవై ఒకటో వారం. తనూ మనలాగే ఐటీలోనే, టెస్టింగ్. ఆఫీసులో కుర్చీలోంచి లేస్తుంటే నీళ్ళు పోయినట్టనిపించింది. ముందు మూత్రమేమో అనుకుని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. సాయంత్రానికి స్కానింగులో తేలింది, ఉమ్మనీటి సంచి పొర చిరిగిపోయిందని. లోపల నీరు దాదాపు లేదు. నొప్పులు లేవు, రక్తస్రావం లేదు, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది.

తొమ్మిదో నెలలో నీళ్ళు పోతే ఆసుపత్రికి పరిగెడతాం, పొద్దునకల్లా బిడ్డ చేతిలో ఉంటుంది. ముప్ఫై రెండో వారంలో పోతే కంగారే గానీ, దారి ఉంది. ఇరవై ఒకటిలో పోతే విషయం పూర్తిగా వేరు. ఎందుకంటే ఉమ్మనీరంటే బిడ్డ తేలడానికి ఉన్న నీళ్ళు మాత్రమే కాదు. బిడ్డ ఆ నీటిని ఊపిరి తీసినట్టే లోపలికీ బయటికీ ఆడిస్తూ ఉంటాడు. ఊపిరితిత్తుల్లో ద్రవం నిండి, అవి ఉబ్బి ఉంటేనే సరిగా పెరుగుతాయి. పదహారో వారం నుంచి ఇరవై ఆరో వారం దాకా వాటిలో సన్నటి గొట్టాలూ, వాటి చుట్టూ రక్తనాళాలూ ఏర్పడే కాలం. సరిగ్గా అప్పుడే నీరు లేకపోతే ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండిపోవచ్చు. చోటు చాలక కాళ్ళూ చేతులూ వంకర తిరిగి బిగుసుకుపోవచ్చు. పైగా పొర చిరిగాక క్రిములకి అడ్డు లేదు. ఆ ఇన్ఫెక్షన్ బిడ్డకీ ప్రమాదమే, తల్లికీ ప్రమాదమే.

తల్లి మాటెందుకు ఎత్తానంటే, ఆ రాత్రి మా అందరి బుర్రల్లోనూ ఉన్నది ఒకటే పేరు. సవితా హలప్పనవర్. కర్ణాటక అమ్మాయి, డెంటిస్టు. 2012 అక్టోబరులో ఐర్లండులోని గాల్వేలో, పదిహేడో వారంలో ఇలాగే పొర చిరిగి, గర్భం తొలగించమని అడిగినా తొలగించక, సెప్సిస్‌తో చనిపోయింది. అప్పుడు మన పేపర్లన్నీ రాశాయి. మరి మన దగ్గర? 2019లో మన చట్టం పరిమితి ఇరవై వారాలు. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనే. కొందరికి ఇరవై నాలుగు వారాల దాకా వీలు కల్పించిన సవరణ 2021లో గానీ రాలేదు. అక్కకి జ్వరం లేదు, రక్తపరీక్షలు బాగున్నాయి. తను ఆగుతానంది. ఆగింది. ఇంకొకరు ఆగనంటే అదీ సరైన నిర్ణయమే అయ్యుండేది, ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఐదు వారాలు ఆసుపత్రి మంచం మీదే. అప్పుడు నాకు ఉద్యోగం కొత్త, బెంచ్ మీద ఉన్నాను, చేతినిండా ఖాళీ. ఇంజనీరుని కదా, ఏం చేస్తాను? ఎక్సెల్ షీటు తెరిచాను :-) ఏ దేశం, ఎన్నో వారంలో పొర చిరిగింది, ఎంతమంది, ఎంతమంది బతికారు. రాత్రిళ్ళు అదే పని.

పది పన్నెండు వరసలు నింపాక ఒకటి గమనించాను. దాదాపు అన్నింట్లోనూ చివరి గడి ఒకటే: ఆసుపత్రి నుంచి డిశ్చార్జి. అక్కడితో లెక్క సరి. ఆ బిడ్డ తర్వాత నడిచాడా, మాట్లాడాడా, స్కూలుకెళ్ళాడా, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా అని చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రాజెక్టు గో-లైవ్ అయిన రోజు కేకు కోసి, అందర్నీ వేరే ప్రాజెక్టులకి పంపించేసి, ప్రొడక్షన్ లాగ్స్ ఎవరూ చూడకపోతే ఎలా ఉంటుంది? సరిగ్గా అలాగే ఉంది.

ఉన్న లెక్కలు చెప్తాను. ఫ్రాన్సులో 2011లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద ఎపిపాజ్-2 అని పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అందులో 22 నుంచి 25 వారాల మధ్య పొర చిరిగిన తల్లుల్ని విడిగా చూశారు. 22వ వారంలో చిరిగితే ఇంటికి వెళ్ళిన పిల్లలు నూటికి 14 మంది. 25వ వారంలో చిరిగితే దాదాపు 76 మంది. మూడు వారాలకే అంత తేడా! మొత్తం మీద డిశ్చార్జి దాకా బతికినవాళ్ళు నూటికి సుమారు 52. రెండేళ్ళ వయసుకి సెరిబ్రల్ పాల్సీ లేకుండా బతికి ఉన్నవాళ్ళు 46. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటికి చేరిన పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్ళకి కాళ్ళూ చేతులూ బాగానే ఆడిస్తున్నారన్నమాట. ఆ ఐదు వారాల్లో మాకు ఎవరూ ఇది చెప్పలేదు. "బతికినా ఏం లాభం" అన్నట్టు మాట్లాడినవాళ్ళే ఎక్కువ. అందులో ఒకాయన డాక్టరు కూడా.

అలాగని ఇంకా ముందు చిరిగితే ఆశ పెట్టుకోమని నేను చెప్పను. బ్రిటన్లో 2019 సెప్టెంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా, 16వ వారం నుంచి 23వ వారం లోపు పొర చిరిగిన కేసుల్ని దేశం మొత్తం మీద పోగేశారు. 2024లో బయటికొచ్చింది. గర్భం కొనసాగించినవాళ్ళలో ఇంటికి చేరిన పిల్లలు నాలుగో వంతు. పెద్ద జబ్బేదీ లేకుండా చేరినవాళ్ళు నూటికి 18. ఒకే బిడ్డని మోస్తున్న 326 మంది తల్లుల్లో నూటికి 12 మందికి సెప్సిస్ వచ్చింది. ఇద్దరు తల్లులు చనిపోయారు. ఆగాలా వద్దా అన్న ప్రశ్న ముందున్న ఎవరికైనా ఈ అంకెలు కూడా ముందు పెట్టాలి, ఫ్రాన్సువి ఒక్కటే కాదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. అక్కకి పది రోజులు ఎరిత్రోమైసిన్ మాత్రలిచ్చారు. మొదటి మాత్ర చేతిలో పట్టుకుని అడిగింది, "ఒరేయ్, ఇది బిడ్డకేం చెయ్యదు కదా?" వెతికాను. దొరికింది ఓరకిల్ కథ (మన డేటాబేసు కాదండోయ్!). బ్రిటన్లో 1990లలో మొదలుపెట్టిన పరీక్ష అది. రెండు భాగాలు. మొదటిది పొర ముందే చిరిగిన 4,826 మంది తల్లుల మీద. రెండోది పొర బాగానే ఉండి, నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లుల మీద. 2001లో ఫలితాలొచ్చాయి. పొర చిరిగినవాళ్ళకి ఎరిత్రోమైసిన్ కాస్త మేలు చేసింది. కో-అమాక్సిక్లావ్ వాడిన చోట పిల్లల పేగులు దెబ్బతినే జబ్బు ఎక్కువైంది కాబట్టి అది వద్దన్నారు. రెండో రకం తల్లులకి ఏ మందుతోనూ మేలూ కనబడలేదు, కీడూ కనబడలేదు.

మామూలుగా అయితే కథ ఇక్కడ ముగిసేది. వీళ్ళు ముగించలేదు. ఆ పిల్లలకి ఏడేళ్ళొచ్చేదాకా ఆగి, తల్లిదండ్రులకి ప్రశ్నలు పంపించారు. 2008లో జవాబులు అచ్చయ్యాయి. పొర చిరిగిన తల్లుల పిల్లల్లో, మందు వాడినా వాడకపోయినా ఏడేళ్ళకి తేడా లేదు. అక్కకి చెప్పడానికి అది చాలు. కానీ రెండో గుంపులో? పుట్టినప్పుడు ఏ తేడా కనబడని పిల్లల్లోనే, తల్లి ఎరిత్రోమైసిన్ వాడిన చోట సెరిబ్రల్ పాల్సీ నూటికి 3.3, వాడని చోట 1.7. దాదాపు రెట్టింపు! డిశ్చార్జి దగ్గర లెక్క ఆపేసి ఉంటే ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలిసేది కాదు. "హాని ఏముందిలే" అని రాసేస్తూనే ఉండేవాళ్ళు.

ఇంకొకటి కూడా నన్ను పట్టుకుంది. 1995లో బ్రిటన్, ఐర్లండుల్లో 26 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఎపిక్యూర్ అన్న పేరుతో వెంబడించారు. వీళ్ళందరూ పొర చిరిగి పుట్టినవాళ్ళు కాదు, పాత కాలపు వైద్యం కూడా, ఆ తేడా గుర్తుంచుకోవాలి. ఆరేళ్ళప్పుడు తెలివితేటల పరీక్ష పెడితే, పరీక్షతో వచ్చిన పాత ప్రమాణాల ప్రకారం బాగా వెనకబడినవాళ్ళు నూటికి 21. అదే వాళ్ళ క్లాసులో పక్కన కూర్చున్న పిల్లలతో పోలిస్తే 41! పిల్లలు అవే, మార్కులు అవే. దేనితో పోలుస్తున్నామన్నది మారింది, అంతే. మా షీటులో ఈ వరస పక్కన ఎర్ర రంగు వేసి పెట్టాను. స్కూలు గొడవ రోజున అదే గుర్తొచ్చింది.

మావాడు ఏప్రిల్ మధ్యలో, 26 వారాలకి పుట్టాడు. 780 గ్రాములు. ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు అని మనవాళ్ళు అంటుంటారు కదా. ఉత్త మాట, ఒక్కో వారం గడిచినకొద్దీ మంచిదే. వీడు ఏడో నెల నిండని బిడ్డ. 94 రోజులు ఎన్ఐసీయూలో ఉన్నాడు. అందులో 31 రోజులు వెంటిలేటరు. పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయి, చోటు చాలక. బిల్లు 17 లక్షలు. కంపెనీ పాలసీ ఐదు లక్షల దగ్గర ఆగిపోయింది, మిగతాది బావ లోను, నాన్న పీఎఫ్. అక్క మెటర్నిటీ సెలవు 26 వారాల్లో మంచం మీద గడిపిన ఐదు వారాలూ, ఆ 94 రోజులూ కలిపితే సగానికి పైగా ఐపోయింది, బిడ్డని ఒక్కరోజు ఇంట్లో ఎత్తుకోకుండానే. నెలలు నిండకుండా పుడితే ఇంకో నెలదాకా జీతంతో అదనపు సెలవు ఇవ్వాలని అప్పటి చట్టంలోనే ఉంది. అక్క హెచ్చార్‌కి ఆ సెక్షన్ ప్రింటు తీసి చూపించింది నేను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది.

జులై మూడో వారంలో డిశ్చార్జి. పదకొండు పేజీల సమ్మరీ ఇచ్చారు. ఏ రోజు ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో అన్నీ ఉన్నాయి. చివర ఒక్క లైను: వారం తర్వాత ఓపీలో చూపించండి. అంతే!

ఇక్కడ ఆసుపత్రిని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాణ్ణి బతికించింది వాళ్ళే. ఆ నర్సులకి మేం జన్మంతా రుణపడి ఉంటాం. నేను తిడుతున్నది ఆ ఒక్క లైనుని. కళ్ళ సంగతి చూడండి. నెలలు నిండని పిల్లలకి రెటీనా జబ్బు వస్తుందని, నెలరోజుల్లోపు కళ్ళు చూడాలని, మరీ చిన్నపిల్లలకి ఇంకా ముందే చూడాలని మన దేశంలో స్పష్టమైన నియమం ఉంది. హైదరాబాదులో 1990ల చివరి నుంచే ఎల్వీ ప్రసాద్ వాళ్ళు ఎన్ఐసీయూలకి వెళ్ళి మరీ చూడటం మొదలుపెట్టారు. అందుకని మావాడి కళ్ళు ఎవరూ అడక్కుండానే మూడుసార్లు చూశారు. చెవుల సంగతి? డిశ్చార్జికి ముందు ఒకసారి పరీక్ష చేశారు, పాస్. ఇలాంటి పిల్లలకి పాసైనా మళ్ళీ చెయ్యాలని, వినికిడి తర్వాత కూడా తగ్గొచ్చని ఎవరూ చెప్పలేదు. సమ్మరీలో లేదు.

ఆ తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడమంటేనే భయం. అప్పటికే చలికాలంలో ఒకసారి ఆయాసమొచ్చి ఐదు రోజులు అడ్మిట్ అయ్యాడు. ఫిజియోథెరపీ వీడియో కాల్‌లో, అక్కే చేయించింది. పాదాలు సరైపోయాయి, ఇప్పుడు చూస్తే ఎవరూ చెప్పలేరు. కానీ మాటలు రాలేదు. రెండేళ్ళు వచ్చాయి, "అమ్మ", "తాత", ఇంకో మూడు మాటలు. అమ్మేమో "మగపిల్లలకి మాటలు ఆలస్యమేనే, మీ తమ్ముడికీ మూడేళ్ళకొచ్చాయి" అంది. (తమ్ముడంటే నేనే.) రెండున్నరేళ్ళకి, అక్కే పట్టుబట్టి చెవుల పరీక్ష చేయించింది. రెండు చెవుల్లోనూ మధ్యస్థంగా వినికిడి లోపం. మెషీన్లు పెట్టిన రోజు వాడు ఫ్యాన్ వైపు తల తిప్పి చూశాడు. అది చప్పుడు చేస్తుందని వాడికి ఆ రోజే తెలిసింది. అక్క బాత్రూములోకెళ్ళి తలుపేసుకుంది.

పన్నెండు నెలల వయసులో తెలియాల్సింది ముప్ఫై నెలలకి తెలిసింది. మాటలు పుట్టే కాలంలో ఏడాదిన్నర పోయింది. ఊపిరితిత్తుల వల్ల కాదు, ఉమ్మనీటి వల్ల కాదు, ఒక లైను రాయకపోవడం వల్ల.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇలాంటి బిడ్డని ఇంటికి పంపేటప్పుడు మందుల జాబితా ఇచ్చినట్టే, స్కూలుకెళ్ళేదాకా ఎప్పుడెప్పుడు ఏమేం చూడాలో తేదీలతో సహా రాసివ్వాలి. చెవులు, కళ్ళు, ఊపిరి, నడక, మాట. ఆ తేదీల్ని పుట్టాల్సిన రోజు నుంచి లెక్కవెయ్యాలి, కనీసం రెండేళ్ళ దాకా. రాకపోతే ఫోన్ చెయ్యాలి. క్రెడిట్ కార్డు బిల్లు కట్టకపోతే రోజుకి ఆరుసార్లు ఫోన్ చేసే ఊళ్ళో, పిల్లాడు ఫాలోఅప్‌కి రాలేదని ఒక్కసారి ఫోన్ చెయ్యడం కష్టమా?

ప్రభుత్వం వైపు నుంచి ఏమీ లేదని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పట్నించి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూడాలి. జిల్లాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు పెట్టారు, ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్లో బుద్ధిమాంద్యానికి జాతీయ సంస్థ ఉంది, వినికిడి జాతీయ సంస్థవాళ్ళ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. మన ఐటీ జనానికి వాటి పేర్లు కూడా తెలియవు. కార్పొరేట్ ఆసుపత్రిలో పుడితే కార్పొరేట్ ఆసుపత్రే చూసుకుంటుందనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

ఇంకో మాట. ఇది మనవాళ్ళ మీదే. మావాడు 26 వారాల బిడ్డని స్కూల్లో మూడేళ్ళ దాకా చెప్పలేదు. "దిష్టి తగులుతుంది, సీటివ్వరు, రేపు పెళ్ళిసంబంధాలకి అడ్డం" అని అమ్మ. (పెళ్ళి! వాడికి ఆరేళ్ళు.) దాంతో టీచరు వాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి, మాట వినడని డైరీలో రాసేది. వినడు నిజమే, వినబడదు కాబట్టి! ఎపిక్యూర్ పిల్లల్ని క్లాసులో పక్కపిల్లలతో పోల్చి చూసినట్టు మనం కూడా చూస్తే, ఎక్కడ సాయం కావాలో కనబడుతుంది. దాచిపెడితే మార్కులే కనబడతాయి.

గొడవ సంగతి చెప్పలేదు కదా. ఆ ఆదివారం రాత్రి నేను నా పాత ఎక్సెల్ షీటు తెరిచి బావకి చూపించాను. ఆయన చాలాసేపు కిందకీ పైకీ తిప్పి చూసి, "ఇందులో మనవాడిది ఏ వరసరా?" అన్నాడు. లేదన్నాను. అంతకు మించి ఏం మాట్లాడలేదు. సోమవారం పొద్దున్నే పదకొండు పేజీల సమ్మరీ జెరాక్స్ తీయించుకుని స్కూలుకెళ్ళాడు. వాడు ఇంకో ఏడాది యూకేజీలోనే ఉన్నాడు, ముందు బెంచీలో. బావ మాత్రం ఇప్పటికీ ఏడాది వేస్టయిందనే అంటాడు. అక్క వినీ విననట్టు ఊరుకుంటుంది.

ఆ జూన్లో వాడికి మొదటిసారి ఊపిరి పరీక్ష చేశారు. గొట్టంలోకి గట్టిగా ఊదాలి, అంతకుముందు చెప్తే అర్థమయ్యే వయసు కాదు. తెర మీద కొవ్వొత్తుల బొమ్మ, ఊదితే ఆరిపోవాలి. మూడుసార్లు ఊదాడు. ఆ వయసు పిల్లలకి ఉండాల్సిన దానికన్నా తక్కువే వచ్చింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మని, ఈసారి తేదీ వేసి మరీ రాసిచ్చారు.